గోల్ కొట్టేవాడు ఏడీ?

2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్ ఫుట్‌బాల్‌లో భారత్ మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా... ఎవరి మీదా ఒక్క గోలూ పడలేదు. తప్పు కోచ్‌దేనన్నారు. జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను పంపించేశారు.

తర్వాత వచ్చిన మనోలో మార్క్వెజ్ హైదరాబాద్‌కు కొత్తవాడు కాదు. 2021-22లో ఇక్కడి క్లబ్బుకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు అందించింది ఆయనే. జాతీయ జట్టుతో మాత్రం గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, 2025 మార్చిలో మాల్దీవులపై. రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో వెనక్కి తెచ్చుకుంటే, ఆ మ్యాచ్‌లో తలతో గోల్ కొట్టాడు. వారం తిరక్కముందే బంగ్లాదేశ్‌తో 0-0.

కోచ్ మారినా గోల్స్ రాలేదంటే జబ్బు వేరేచోట ఉంది. హైదరాబాద్ కప్పు గెలిచిన సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. విదేశీ స్ట్రైకర్లను తెచ్చుకునే క్లబ్బులను తప్పుపట్టలేం, వాటికి గెలుపు కావాలి. కానీ పెనాల్టీ బాక్సులో డిఫెండర్ వీపునంటి ఉండగా, రెప్పపాటులో బంతిని తిప్పి కొట్టడం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. ఆ చోటు ఎక్కువగా విదేశీయులకే దక్కుతుంటే మన కుర్రాళ్లు వింగ్‌కో బెంచీకో పరిమితమవుతున్నారు.

అసలు బాధ్యత దేశ ఫుట్‌బాల్ సమాఖ్యదే. కింది లీగుల్లో కుర్ర స్ట్రైకర్లకు ఏడాది పొడవునా మ్యాచ్‌లు దొరికేలా చూడాల్సింది అదే.