పాడైన బొమ్మకూ ప్రయోగశాలలో చోటివ్వాలి

ఆవిరి ఇంజనుకు ముందు భాగం వేరు, వెనక భాగం వేరు. వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు ఉంటుంది. ఇంజనును వెనక్కి నడిపితే ఆ టెండరు డ్రైవరు చూపుకు అడ్డం వస్తుంది. కనుక ప్రయాణం ముగిశాక ఇంజనును ఇటు నుంచి అటు తిప్పవలసి వచ్చేది. అంత బరువును తిప్పడం ఎలా? గుండ్రటి గోతిలో, నడుమ ఇరుసు మీద తిరిగే వంతెనను అమర్చి, దాని మీద పట్టాలు పరిచారు. దానినే టర్న్‌టేబుల్ అంటారు. ఇంజనును సరిగ్గా తూకం కుదిరేలా నిలిపితే, కొద్దిమంది మనుషులే నెట్టి తిప్పగలిగేవారు!

మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి రైళ్లు 1995లో ముగిశాయి. ఇక మా నందిగామకు రైల్వే స్టేషనే లేదు. జగ్గయ్యపేటకు మోటుమర్రి నుంచి వచ్చే లైను ఉన్నా, అది ముఖ్యంగా సిమెంటు మోసే గూడ్సు బళ్లది. కాబట్టి ఇక్కడి పిల్లలకు టర్న్‌టేబుల్ ఎలా పనిచేస్తుందో చూపాలంటే బొమ్మ రైలే గతి.

అలాంటి పాత బొమ్మ ఒకటి మా బావ అమెరికా నుంచి తెచ్చాడు. వంతెన తిప్పడానికి కింద చిన్న మోటారు, పళ్ల చక్రాలు ఉన్నాయి. నేను సంబరంగా దాని ట్రాన్స్‌ఫార్మరును గోడ ప్లగ్గులో పెట్టాను. నిమిషంలో పొగ వచ్చింది. తప్పు నాదే. దాని మీద 120 వోల్టులని రాసి ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. అంత వోల్టేజికి లోపలి ఇనుప దిమ్మ తట్టుకోలేదు. చుట్టలోకి విద్యుత్ ప్రవాహం విపరీతంగా పెరిగి తీగ మాడిపోతుంది.

జగ్గయ్యపేటలో బోరు మోటార్లకు వైండింగు చుట్టే ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అతడు చూసి నవ్వాడు. "మాస్టారూ, కరెంటు ఇచ్చేముందు ప్లేటు చదవాలి గదండీ. మోటారు చేత్తో తిరుగుతోందో లేదో కూడా చూడాలి. బిగుసుకుపోయిన మోటారుకు కరెంటిస్తే కాలకుండా ఉంటుందా?" అన్నాడు. పిల్లలకు సైన్సు చెప్పే నాకు ఆ రోజు పాఠం చెప్పింది అతడే.

ఆ బొమ్మను మా బడికి తెచ్చి పిల్లల ముందు పెట్టాను. ఈసారి గోడ ప్లగ్గు జోలికి పోలేదు. ముందు రెండు టార్చి సెల్సు కలిపాం. మోటారు గుయ్‌మంది, వంతెన కదలలేదు. వెంటనే తీగ తీసేశాం. ఎందుకంటే తిరగలేని మోటారు ఎక్కువ ప్రవాహం లాగి వేడెక్కుతుంది. విప్పి చూస్తే పళ్ల చక్రాల మధ్య పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉంది. పుల్లతో గీకి, దూదితో తుడిచి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేశాం. నల్లబడిన ఇత్తడి రేకులను పెన్సిలు రబ్బరుతో రుద్దాం. వంతెన తిరిగింది! కాని దాని పట్టాలకు ఎన్నిసార్లు విద్యుత్తు ఇచ్చినా షార్టు అవుతోంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండు పట్టాల బొమ్మ రైలులో ఒక పట్టా ధనం, మరొకటి ఋణం. వంతెన అర చుట్టు తిరిగితే దాని ఎడమ పట్టా కుడివైపుకు వస్తుంది. అప్పుడు వంతెన మీది ధన పట్టా బయటి ఋణ పట్టాకు ఎదురుగా నిలుస్తుంది. ఇంజను చక్రాలు ఆ రెంటినీ కలపగానే షార్టు! దీన్ని తప్పించడానికి వంతెన కింద ఒక లోహపు వలయాన్ని రెండు ముక్కలుగా చీల్చి పెడతారు. వంతెన సగం తిరగగానే దాని రేకులు ఒక ముక్క నుంచి రెండో ముక్క మీదికి జారతాయి, ధ్రువాలు తారుమారవుతాయి. విద్యుత్ మోటారు బొమ్మలో కనిపించే చీలిన వలయం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తీగలన్నీ విడదీసి, ఒక సెల్లు, టార్చి బల్బు పట్టుకుని ఆ రెండు ముక్కలకూ తాకించింది. బల్బు వెలగకూడదు. వెలిగింది! చీలికలో ఇత్తడి పొడి పేరుకుపోయి రెండు ముక్కలనూ కలిపేసింది. ఆమె సన్నటి వెదురు పుల్లతో ఆ చీలికను శుభ్రం చేసింది. బల్బు ఆరిపోయింది. షార్టు పోయింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మన బళ్లలో పరికరాలు పగిలిపోతాయన్న భయంతో బీరువాల్లో పెట్టి తాళాలు వేస్తారు. పాడైనవాటిని పారేస్తారు. 2016 నుంచి వస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు మంచివే. కాని కొత్త కిట్టు బాగానే పనిచేస్తుంది కనుక, "ఇది ఎందుకు పనిచేయడం లేదు?" అని అడగవలసిన అవసరం అంతగా రాదు. ఆ ప్రశ్న నేర్పగలిగేది పాడైన వస్తువే. కాబట్టి ప్రతి ప్రయోగశాలలోనూ పాడైన వస్తువులకు ఒక అర ఉండాలి. ఏడాదికి ఒక్కసారైనా వైండింగు దుకాణం నుంచి ఒక మెకానిక్కును బడికి పిలిచి పాఠం చెప్పించాలి.

ప్రమాదం కాదా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నియమం కచ్చితంగా ఉండాలి: పిల్లల చేతికి సెల్సు మాత్రమే. గోడ ప్లగ్గుకు తగిలించే దేన్నీ వారు విప్పకూడదు. మా టర్న్‌టేబుల్‌కు మాడిన ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ వాడనే లేదు, బ్యాటరీతోనే నడుస్తోంది.

మీ ఇంట్లో అటక మీద తిరగని బొమ్మ ఏదైనా ఉందా? పారేయకండి. ముందు దాని మీద రాసింది చదవండి. తర్వాత చేత్తో తిప్పి చూడండి. కరెంటు సంగతి ఆ తర్వాతే.