పాడిగేదెల పేలు – ఊరుమ్మడి పూనిక



పుష్యమాసము వచ్చునప్పటికి దర్శి ప్రాంతమున రైతునకు తీఱిక యుండదు. ఒకవంక పత్తితీత, మఱియొకవంక మిరపతోటకు మందు జల్లుట. ఆ దినములయందే కొట్టములోని గేదె గుంజకు మెడ రాచికొనుచుండును. దూడ మేత మాని తోకమొదటిని నాకికొనుచుండును. పూటకు చెంబెడు పాలు తగ్గును. “చలికాలము గదా, పాలు తగ్గుట సహజమే” యని మన మూరకుందుము. బొచ్చు విడదీసి చూచితిమా, అసలు సంగతి తెలియును. చెవుల వెనుక, మెడక్రింద, తొడల నడుమ, తోకకుచ్చునందు పేలు బారులు తీరి యుండును. వెండ్రుకలకు ఈపి యంటియుండును.

ఈ పేలను గూర్చి నా యభిప్రాయ మొక్కటే. ఇది ఒక యింటివా డొక్కడు చేసి ముగింపగల పని కాదు. ఊరంతయు ఒక్కదినమున బూని చేయవలసిన పని. మన సహకారసంఘము దీనిని తన పనిగా నెంచవలయును. అంతేకాక, పైరుపురుగునకు దెచ్చిన విషమును పశువు మేనికి పూయు దురలవాటును మనము నేటితో మానవలయును. కారణములు మనవి చేయుదును.

గేదెపేను రక్తము పీల్చు జాతిది. పుట్టుట, పెరుగుట, గ్రుడ్లు పెట్టుట, చచ్చుట సమస్తమును గేదె మేనిమీదనే. నేలబడిన పేను కొద్దిదినములకంటె నెక్కువ బ్రతుకజాలదు. గ్రుడ్డునుండి పెరిగి మరల గ్రుడ్లు పెట్టుటకు దానికి మూడు నాలుగు వారములు పట్టును. ఒక పశువునుండి మఱియొకదానికి పేలు ప్రాకుట ముఖ్యముగా ఒడలు తగులుటచేతనే. ఒకే గాడివద్ద గట్టినను, ఒకే మందగా బీటికి దోలినను, సంతలో గొన్న గేదెను వెంటనే తక్కిన గేదెలలో గలిపినను పేలు వ్యాపించును. అయితే ఏ జంతువు పేను ఆ జంతువునకే. గేదెపేను మనుష్యునిమీద గాని గుఱ్ఱముమీద గాని కాపురముండదు. కావున పాలు పితుకు స్త్రీలు వెఱవ బనిలేదు.

ఈడు వచ్చిన గేదెకు బొచ్చు పలుచన, దూడకు దట్టము. అందుచే దూడలే మిక్కిలి బాధపడును. రక్తము తగ్గి, కనుఱెప్పల లోపలిపొర తెల్లబాఱి, ఎదుగుదల నిలిచిపోవును. వేసవియందు చర్మము వేడెక్కుటచేతను, గేదె నీట మునిగి బురద పూసికొనుటచేతను పేలు తగ్గును. చలికాలమున బొచ్చు పెరుగగా పేలును బెరుగును. మన మెట్టభూములయందు చెఱువు లెండిన యేండ్లలో పొరలాడుటకు మడుగు లేక ఈ బాధ హెచ్చును. ఒంగోలు ఎద్దునకో, పొట్టిబొచ్చును, ఈగ వ్రాలినచోట చర్మమును వణకించి దులుపుకొను శక్తియు గలవు గనుక దానికి గొఱుగుడుతో పనిలేదు.

మన పెద్దలు గేదెలకు గొఱిగించి నూనె రాచుట వేడుకకు జేసినది కాదు. దీనివలన మూడు మేళ్లు గలవు. వెండ్రుక కంటిన ఈపి వెండ్రుకతోనే పోవును. పిదప పూసిన మందు చర్మమును జేరును. బొచ్చుమాటున దాగిన పుండ్లు, గజ్జి, పిడుదులు కంటబడును. చలిదేశములయందు పనిగుఱ్ఱములకు శీతకాలపు బొచ్చును కత్తిరింతురు. దట్టమైన బొచ్చులో చెమట త్వరగా ఆఱక గుఱ్ఱమునకు చలి పట్టును గనుక. కత్తిరించిన పిదప దానికి కంబళి కప్పుదురు. బొచ్చు తీసినవాడే కప్పు నీయవలయు నను ఈ న్యాయము మనకును వర్తించును. “గొఱిగిన గేదెకు చలిపట్టు”నని కొందఱు పెద్దలు చెప్పుమాట త్రోసివేయదగినది కాదు. ముసురు పట్టిన దినములలో గొఱుగరాదు. గొఱిగినప్పుడు రాత్రి కొట్టములో గట్టి, పొడిగడ్డి పఱచి, గోనెపట్టా కప్పవలయును. పసిదూడకు పూర్తిగా గొఱుగక కత్తెరతో పొట్టిగా కత్తిరించిన జాలును. నడివేసవి కెదురుగాను గొఱుగరాదు. నల్లని చర్మము ఎండవేడిమిని గ్రహించును. గేదెకు చెమటగ్రంథులు ఆవుకంటె తక్కువ. కార్తీకమున వానలు వెనుకబట్టినపిదప ఒకసారి, అవసరమైనచో మాఘమున మఱియొకసారి గొఱిగించుట మేలు.

కత్తి యొక పశువునుండి మఱియొకదానికి మాఱునప్పుడు దానిని మరుగునీటిలో నుంచియో, క్రిమిసంహారక ద్రావకమున ముంచియో వాడవలయును. లేనిచో తామరయు పులిపిరులును కత్తివెంట నూరంతయు దిరుగును. తీసిన బొచ్చును ఊడ్చి తగులబెట్టవలయును.

ఇక విషముల మాట. సిగ్గువిడిచి నా యనుభవము చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రింద, మిరపకు మందు కొట్టి వచ్చిన సాయంకాలము, సీసాలో మిగిలిన నాలుగు చుక్కలను నీటిలో గలిపి పేలుపడిన పెయ్యదూడకు పూసితిని. పారబోయుట యెందుకను లోభము తప్ప వేఱు కారణము లేదు. దీపములు పెట్టువేళకు దూడనోట చొంగ కాఱసాగెను, కండ్ల నీరుగాఱెను, కాళ్లు వణకి కూలబడెను. వైద్యుడు వచ్చులోపలనే ప్రాణము విడిచెను. తల్లిగేదె మూడుదినములు చేపలేదు. పేలు చచ్చినమాట నిజమే.

క్లోరిపైరిఫాసు, ప్రొఫెనోఫాసు వంటి భాస్వరజాతి విషములు చర్మముగుండ రక్తమున జేరి నరములను పట్టును. పశువు తన యొడలిని తాను నాకికొనును. దూడను తల్లి నాకును. అందుచే పూసినది కడుపులోనికిని బోవును. కొన్ని మందుల పేరు పశువైద్యమునను పైరుమందులలోను ఒక్కటే యైనను, వాని గాఢతయు, వానిలో గలిపిన తైలములును వేఱు. పైరునకు జేసినది చర్మమునకు జేసినది కాదు. మన పొలముల పొగాకు కషాయమును నిరపాయమని తలపరాదు. అందలి నికోటిను చర్మముగుండ నెక్కు విషమే. పొరపాటున నెవరైన నిట్టివి పూసినచో వెంటనే సబ్బునీటితో కడిగి, పశువైద్యునకు గబురంపవలయును. భాస్వరజాతి విషమునకు అట్రోపిను విఱుగుడు కలదు. కాని అది వేళకు బడవలయును. సంచార పశువైద్యశాల బండిని పిలుచుటకు 1962 అను దూరవాణి సంఖ్య యున్నది.

వెనుకటి కథయు మఱువరాదు. డి.డి.టి. పురుగులను జంపునని 1939లో కనుగొన్న మ్యూలరునకు 1948లో నోబెలు బహుమానము వచ్చెను. పేలపాలిట బ్రహ్మాస్త్రమని లోకము దానిని పొగడెను. మనదేశమున పశువుల మేనికి, కొట్టములకు డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు విరివిగా చల్లిరి. అవి క్రొవ్వున నిలుచు పదార్థములు గనుక పాలలోనికి దిగినవి. వెన్న యెక్కువగు గేదెపాలకు ఈ భయ మధికము. తుదకు 1989లో డి.డి.టి.ని వ్యవసాయమునుండి తొలగించిరి, 1997లో బి.హెచ్.సి.ని నిషేధించిరి. గేదెమేన బూసినది మన బిడ్డల గిన్నెలోనికి వచ్చునని ఈ చరిత్ర బోధించుచున్నది.

మఱి చేయదగిన దేమి? పేలు కొలదిగా నున్నచో గొఱిగించి, కానుగనూనెయో వేపనూనెయో వారమున కొకమాఱు మర్దించుట చాలవఱకు పనిచేయును. ఎక్కువైనచో పశువైద్యుడు వ్రాసియిచ్చిన డెల్టామెత్రిను, అమిట్రాజు వంటి పశువుల మందునే, పెట్టెపై చెప్పిన పాళ్లలో నీటగలిపి, కండ్లు, నోరు, పొదుగు తగులకుండ వాడవలయును. అమిట్రాజు గుఱ్ఱమునకు మాత్రము వాడరాదు. దాని ప్రేగులు స్తంభించును. ఐవర్మెక్టిను సూదిమందు, నూటికొక పాలు గలది, ఏబది కిలోల బరువునకు ఒక మిల్లీలీటరు చొప్పున చర్మముక్రింద వేయుదురు. పేలకును గజ్జికిని అది మంచిదే గాని, పాలిచ్చు గేదెకు వేసినచో ఆ పాలు మనుష్యులకు బోయరాదు. కావున దూడలకును వట్టిపోయిన గేదెలకును దగినది. ఏ మందైనను ఈపిని పూర్తిగా జంపదు. పదునాలుగు దినములకు రెండవసారి వేసిననే, అప్పటికి గ్రుడ్లనుండి వెలువడినవి చచ్చును. మన రైతులు తఱచుగా మఱచునది ఈ రెండవసారియే.

దురద యంతయు పేలది కాదని గుర్తుంచుకొనవలయును. చర్మము మందమై ముడుతలుపడి బొచ్చు రాలినచో గజ్జి. అది తాకిన మనుష్యునికిని దురద పుట్టించును. గుండ్రని బూడిదమచ్చ తామర. చెవిపుండు ఈగలు మోయు సన్నని పురుగుల పని. పిడుదు పేనువంటిది గాక, రక్తము త్రాగి క్రిందబడి గోడపగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక దానికి పశువును మాత్రమే కాక కొట్టమునుగూడ శుభ్రపఱుపవలయును.

ఇప్పుడు మొదటిమాటకు వత్తును. నేను నా నాలుగు గేదెలకు గొఱిగించి మందు పూసి, పొరుగువాడు ఊరకున్నచో, బీటిలో రెండుమందలు కలిసిన మఱునాడే నా కష్టము వ్యర్థము. అదే ఊరి గేదెలన్నిటికి ఒక్కదినమున జేసి, పదునాలుగవ దినమున మరల జేసినచో, పశువును విడిచి బ్రతుకజాలని పేనునకు ఆ యూర నిలువ నీడ యుండదు. ఇంతకంటె సహకారధర్మమునకు దగిన పని యేది? “సంఘము అప్పులకు, ఎరువులకు గదా” యని కొందఱనవచ్చును. 1904లో ఈదేశమున తొలి సహకారశాసనము పుట్టినది అప్పులకొఱకే, నిజము. కాని పాలడబ్బుతో నప్పుకంతు దీర్చు సభ్యునికి గేదె యారోగ్యమే పూచీ గదా.

కావున సంఘమువారు బొచ్చు కత్తిరించు యంత్రమొకటి కొని యుంచవలెననియు, గొఱుగుట యెఱిగినవానికి తగిన కూలి నియమింపవలెననియు, కార్తీకమున నొకదినమును, దానికి పదునాలుగవదినమును నిర్ణయించి పశువైద్యుని బిలిపింపవలెననియు, క్రొత్తగా కొన్న గేదెను మందు ముగియువఱకు వేఱుగా గట్టుటకు సభ్యులు మాట యీయవలెననియు నా ప్రార్థన. వచ్చు సర్వసభ్యసమావేశమున దీనిని తీర్మానముగా నుంచెదను. అంగీకరింపని సోదరులు తమ యాక్షేపణలను ముందుగా దెలిపిన, సమాధానము చెప్పుటకు సిద్ధముగా నున్నాను. ఈలోపల ఒక్కపని మాత్రము నేడే చేయుడు: మిరపమందు సీసాను కొట్టములోనుండి తీసి తాళమువేసిన పెట్టెలో బెట్టుడు.