లోడు ఎత్తేచోటే బ్రేకు చూడాలి

రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అనే ఉద్యోగికి మన జనం ఏనాడో వేరే పేరు పెట్టుకున్నారు. పల్లెలో ఎవరిని అడిగినా ఆయన ‘బ్రేకు ఇన్‌స్పెక్టరే’. ఆ పేరులోనే ప్రజల ఆశ అంతా వుంది. రోడ్డు మీదికి వచ్చే లారీకి బ్రేకు పడుతుందో లేదో చూడటానికి సర్కారు ఒక మనిషిని పెట్టిందని, ఆయన చూసిన తర్వాతే ఆ లారీ మన పక్కనుంచి పోతున్నదని జనం నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడుతున్నదో మన జిల్లా రోడ్ల మీద తిరిగేవారందరూ ఒకసారి ఆలోచించవలసి వుంది.

ఎన్టీఆర్ జిల్లాకూ లారీకీ వున్న బంధం ఇవాళ్టిది కాదు. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు రహదారి విజయవాడలోనే కలుస్తాయి. ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టేవారు, కమాన్ పట్టీలు సరిచేసేవారు, ఇంజను విప్పి బిగించేవారు, అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేసేవారు, రంగులు అద్దేవారు, ఇలా ఎన్నో కుటుంబాలు లారీనే నమ్ముకుని బతుకుతున్నాయి. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద, క్వారీల నుంచి కంకర అన్నీ కదిలేది లారీల మీదే. లారీ ఆగితే జిల్లా ఆగుతుంది. అయితే ఆ లారీ ఆగవలసిన చోట ఆగుతుందా అన్నది కూడా జిల్లా అంతటికీ సంబంధించిన విషయమే.

ఒక్కరోజు ముచ్చట

చట్టానికి లోటు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను ప్రకారం లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు వుండి తీరాలి. అది లేకపోతే అసలు రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క. కొత్త లారీకి మొదటి ఎఫ్.సి. రెండేళ్లకు ఇస్తారు. 2018 నవంబరులో చేసిన మార్పు ప్రకారం ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ వయసు దాటిన బండికి ఏడాదికోసారి పరీక్ష జరగాలి.

చిక్కు ఎక్కడంటే, ఆ పరీక్ష ఒక్కరోజుది. లారీ తిరిగేది మిగిలిన 364 రోజులు. పరీక్ష నాటికి బండికి రంగు వేస్తారు, లైట్లు వెలిగిస్తారు, వెనక ఎర్ర స్టిక్కర్లు అంటిస్తారు. కాస్త మంచి టైర్లు వేరే బండి నుంచి తెచ్చి బిగించి, పని కాగానే విప్పేస్తారని లారీ యార్డుల్లో ఎవరిని అడిగినా నవ్వుతూ చెబుతారు. పెళ్లిచూపుల నాటి అలంకారం కాపురానికి ఎంత పనికివస్తుందో, ఈ ఫిట్‌నెస్ రోడ్డుకు అంతే పనికివస్తుంది.

మనిషి కంటికి బదులు యంత్రంతో పరీక్ష జరిపే కేంద్రాలకు 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. చక్రాలను రోలర్ల మీద నిలిపి, ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతున్నదో అంకెల్లో చూపే పద్ధతి ఇది. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అన్నారు. ఆ గడువును 2024 అక్టోబరుకు జరిపారు. యంత్రం రావడం మంచిదే, కాదనేవారు లేరు. కాని యంత్రం కూడా ఆ ఒక్కరోజే చూస్తుంది.

బ్రేకు ఎందుకు పడదు?

భారీ లారీలకు వుండేది గాలి బ్రేకు. ట్యాంకులో గాలి నిండి వుండాలి, గొట్టాలు కారకూడదు, డ్రమ్ములో లైనర్లు అరగకుండా వుండాలి. గాలితోపాటు చేరిన నీటిని ఎప్పటికప్పుడు ట్యాంకు అడుగున వున్న మర విప్పి వదిలెయ్యాలి. ఇవేవీ పెద్ద చదువుతో కూడిన పనులు కావు. బండి తియ్యబోయేముందు ఒక పావుగంట చాలు. ఆ పావుగంట ఎవరూ ఇవ్వకపోవడమే అసలు జబ్బు.

మన దగ్గర ఎత్తిన లోడు అనంతపురం వైపు పోవాలంటే గిద్దలూరు–నంద్యాల మధ్య నల్లమల ఘాట్ దిగాలి. దిగుడులో చిన్న గేరు వేసి ఇంజను పట్టుతో దింపవలసిన బండిని డీజిలు కలిసివస్తుందని న్యూట్రల్ చేసి వదిలే అలవాటు కొందరికి వుంది. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ములు కాగిపోతాయి, లైనర్లు పట్టు వదులుతాయి. ఎంత తొక్కినా బండి ఆగదు. మర్నాడు పేపర్లో ‘బ్రేకులు ఫెయిలై’ అని రెండు ముక్కలు వస్తాయి. అవి ఫెయిలైంది ఆ ఒక్క క్షణంలో కాదు, అంతకుముందు ఎన్నో వారాలుగా.

వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల మీద వస్తున్న బండి, డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే 16 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. దాని మీద అదనపు లోడు వుంటే చెప్పనక్కరలేదు. 2018 జులైలో కేంద్రం పది టైర్ల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. పెంచిన మేరకు ఆగుతారనుకుంటే, పెంచినదాని మీద మళ్లీ అదనం ఎత్తేవారికి కొదవ లేదు.

టైరు సంగతీ అంతే. లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది రూలు. జత టైర్లలో ఒకదానికి గాలి దిగితే రెండోది ఇద్దరి బరువు మోస్తుంది. అది ఎక్కడో పేలుతుంది. పూర్వం దాబా దగ్గర బండి ఆగగానే క్లీనరు కుర్రవాడు రాడ్డు పట్టుకుని టైరు టైరుకూ కొట్టి చప్పుడు వినేవాడు. ఖర్చు కలిసివస్తుందని ఇవాళ చాలా లారీల్లో క్లీనరును తీసేశారు. ఒక కూలీ మిగిలింది, రెండు కళ్లు పోయాయి.

ఇక చెడిపోయి ఆగిన లారీ మరో గండం. రాత్రిపూట లైట్లు లేకుండా హైవే పక్కన నిలిచిపోతుంది. హెచ్చరికకు త్రికోణం వుండదు. రెండు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెడతారు. బాగుచేసుకుని పోయేటప్పుడు ఆ రాళ్లు తీసేవారుండరు. వెనక వచ్చే మోటారుసైకిలు ముందు లారీని, ఆ తర్వాత రాళ్లను తప్పించుకోవాలి. నిలబడిన లారీ కూడా మనుషులను చంపుతుందంటే దానికి కారణం మరమ్మతు లేకపోవడమే.

శిక్ష ఎవరికి?

ప్రమాదం జరగగానే డ్రైవరును పట్టుకుంటారు. అతను దొరకకపోతే ‘డ్రైవరు పరారీ’ అని రాస్తారు. లైనర్లు మార్చమని అతను ఎన్నిసార్లు అడిగాడో, ‘ఈ ట్రిప్పు వేసి రా, వచ్చాక చూద్దాం’ అని ఎన్నిసార్లు జవాబు విన్నాడో ఏ కేసులోనూ రాదు. బండి బాగోలేదు, తియ్యనని అంటే మర్నాడు ఇంకో డ్రైవరు వస్తాడు.

యజమాని మాటా వినాలి. మన దగ్గర ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానులు చాలామంది. ఫైనాన్సు కిస్తీ, డీజిలు, టోలు, ఇన్సూరెన్సు పోగా చేతిలో మిగిలేది స్వల్పం. 15 ఏళ్లు దాటిన భారీ వాహనానికి ఎఫ్.సి. ఫీజు 2022 ఏప్రిల్‌లో 1,500 రూపాయల నుంచి ఒక్కసారిగా 12,500 రూపాయలైంది. ఫీజు పెరిగినంత మాత్రాన బ్రేకు బాగుపడదు. లైనర్ల కోసం దాచుకున్న సొమ్ము ఫీజుకు పోతే బాగుపడేది ఖజానా ఒక్కటే. కిరాయి కిట్టనప్పుడు మొదట వాయిదా పడేది మరమ్మతే, ఎందుకంటే అది అరిచి అడగదు.

అయితే ఆ కిరాయి ఎవరు నిర్ణయిస్తున్నారు? లోడు ఇచ్చేవారు. సిమెంటు ఫ్యాక్టరీ, క్వారీ, యార్డు, బ్రోకరు. తక్కువకు ఎవరు వస్తే వారికి సరుకు ఎత్తుతారు. ఆ బండికి టైరు వుందో లేదో, ఎఫ్.సి. తీరిందో లేదో వారికి పట్టదు. గేటు దాటాక మాకేమి సంబంధం అంటారు. చట్టం అలా అనడం లేదు. లోపమున్న బండిని నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ 190వ సెక్షను కింద దోషులే. అదనపు లోడుకు సంబంధించిన 194వ సెక్షనులోనూ అదే మాట వుంది. 2019 సెప్టెంబరు నుంచి అదనపు లోడుకు 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా. లోపమున్న బండికి మాత్రం 1,500 రూపాయలే. లారీకి లైనర్లన్నీ మార్పించే ఖర్చు అంతకు ఎక్కువే అవుతుంది గనుక జరిమానా కట్టడమే చవక అనుకునేవారు వుండరా?

2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. బస్సులోని వారి మీద కంకర కుప్పగా పడింది. తప్పెవరిదన్న వాదన ఎలా వున్నా, ఎత్తిన లోడే మనిషిని పూడ్చిపెడుతుందని ఆ ఉదయం లోకమంతా చూసింది. అటువంటి టిప్పర్లు మన జిల్లాలోనూ పొద్దస్తమానం తిరుగుతున్నాయి.

చెయ్యవలసినవి

లారీని పట్టుకోవలసిన చోటు హైవే మలుపు కాదు, లోడు ఎత్తే గేటు. ఖాళీగా వున్నప్పుడు బండిని ఆపితే ఎవరికీ ప్రమాదం లేదు, ట్రాఫిక్కుకు ఆటంకం లేదు. ఫ్యాక్టరీలు, క్వారీలు, థర్మల్ కేంద్రం యాజమాన్యాలు గేటు దగ్గరే ఎఫ్.సి. తేదీ, టైర్లు, వెనక లైట్లు, గాలి మీటరు చూసి, సరిగా లేని బండికి సరుకు ఎత్తకూడదు. కాటా చీటీ ఎలా ఇస్తున్నారో, అలాగే ఈ చీటీ కూడా డ్రైవరు చేతికి ఇవ్వాలి. జిల్లా కలెక్టరు రవాణా, గనుల శాఖలను ఒకచోట కూర్చోబెడితే ఇది జరగని పని కాదు.

బ్రేకు ఇన్‌స్పెక్టర్లు తనిఖీలను అక్కడికే మార్చాలి. కేసు రాస్తే డ్రైవరు పేరుతోపాటు లోడు ఇచ్చినవారి పేరు కూడా అందులో వుండాలి. లారీ యజమానుల సంఘం తన వంతుగా, బండి బాగోలేదన్న డ్రైవరు కూలీ పోకుండా చూడాలి. నాసిరకం లైనర్లు, నకిలీ విడిభాగాలు అమ్మేవారిని ఆటోనగర్ వర్తకులే బయటపెట్టాలి. మంచి పనివాళ్లకు పేరున్న ఊరు అది, ఆ పేరు నిలుపుకోవలసింది వారే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. అవన్నీ లారీల వల్ల కాకపోవచ్చు, అన్నీ బ్రేకుల వల్ల అసలే కాకపోవచ్చు. కాని బండి తియ్యబోయేముందు పావుగంట చూసి వుంటే దక్కే ప్రాణాలు వాటిలో కొన్ని తప్పక వున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే. ఒక్క లారీ విషయంలోనైనా, లోడు ఎత్తకముందే ఆ ఆకులు పట్టుకుంటే బాగుంటుంది.