ఉంచుకొన్న దెవరు?

తాళి లేకయో, ఉన్నను చట్టమంగీకరింపని రీతిగా కట్టించుకొనియో ఒక పురుషునితో కాపురముండు స్త్రీని గూర్చి మనవారు ‘ఉంచుకొన్నది’ యని యొక మాట వాడుదురు. ఆ మాట వ్యాకరణమును బట్టి ఉంచుకొన్నవాడు పురుషుడు, ఉంచబడినది స్త్రీ. అన్నము పెట్టువాడతడు, తినునది యామె. ఈ వ్యాకరణము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల బ్రతుకునకు సరిపడునా యని ఒక్కమారు విచారింపవలసియున్నది.

కోరుట్లలో బీడీలు చేయు ఏ వాడకట్టునకు పోయినను, ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారము కట్టుచు, వేయి బీడీల లెక్క ముగించుటకై ప్రొద్దుతో పందెము వేయు స్త్రీలు కనిపింతురు. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గముల) మోత నడుమ కండెలు చుట్టు చేతులును స్త్రీలవే. మగవాడు గల్ఫునకు పోయి పైసలు పంపని నెలలలోను, తిరిగివచ్చి పని దొరకక కూర్చున్న దినములలోను, ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా ఈ కూలితోనే గడచుట అరుదు కాదు. మొదటి భర్త విడిచిపోగా కోర్టు మెట్లెక్కక, పెద్దమనుషుల యెదుట కాగితముపై తెగదెంపులు చేసికొని మారుమనువు పోయినవారు వీరిలో కలరు. ఏ తంతును లేక కలిసి బ్రతుకువారును కలరు. ఇట్టి కాపురము పదియేండ్లకో పదునైదేండ్లకో విరిగినచో, ఆమె చిట్టీ యెత్తి కొన్న ప్లాటు అతని పేర నుండును; ఆమె చేతిలో చాట మిగులును.

చట్టము ఆమెను బొత్తిగా మరచినదనుట న్యాయము కాదు. 2005 నాటి గృహహింస చట్టము ‘వివాహస్వభావము గల సంబంధము’ను గుర్తించి, ఖర్చులకు సొమ్మీయకుండుటయు హింసయే యని చెప్పి, ఉమ్మడి యింట నివసించుటకును ధనసహాయమునకును మేజిస్ట్రేటు ఉత్తరువు లీయవచ్చుననినది. ఐతే 2010లో సుప్రీంకోర్టున జస్టిస్ మార్కండేయ కట్జు తీర్పు దానికి హద్దులు గీసినది: ఇరువురును వివాహార్హులై, అవివాహితులై, లోకమునకు ఆలుమగలవలె కనబడుచు, చెప్పుకోదగినంత కాలము కలిసియుండవలెను. ఆ తీర్పులోనే ‘ఉంచుకొన్నది’ యను అర్థమిచ్చు ఆంగ్లపదము దొర్లగా, నాటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ ఆక్షేపించిరి. 2013లో ఒక స్త్రీ, ఒక పురుషునితో ఏండ్ల తరబడి కలిసి బ్రతికినను, అతడు పెండ్లియైనవాడని యెరిగియుండుటచేత ఓడిపోయెను. ఓడించిన సుప్రీంకోర్టే ఇట్టివారి రక్షణకు పార్లమెంటు పూనుకొనవలెనని చెప్పక తప్పలేదు.

హైదరాబాదునుండి సుప్రీంకోర్టునకు పోయిన యొక వ్యాజ్యములో మాత్రము వెలుతురు కనబడినది. అందులోని స్త్రీ మొదటి పెండ్లి కోర్టులో రద్దు కాలేదు. విడిపోయితిమని వ్రాసికొన్న ఒడంబడిక మాత్రము కలదు. ఆ సంగతి యెరిగియే రెండవవాడామెను పెండ్లాడెను. ఆమెకు మనోవర్తి చెల్లదని రాష్ట్ర హైకోర్టు కొట్టివేయగా, 2025 జనవరి 30న జస్టిస్ నాగరత్న ధర్మాసనము నెలకు 3,500 రూపాయల మనోవర్తిని పునరుద్ధరించెను. మన పెద్దమనుషుల కాగితమువంటి కాగితమునకు అత్యున్నత న్యాయస్థానమున ఆ మాత్రము మన్నన లభించుట చిన్న సంగతి కాదు.

కాని యిదంతయు భరణమునకు సంబంధించిన మాట. ఆమె పెట్టిన సొమ్ము సంగతి వేరు. పరుల పేర ఆస్తి కొనుటను నిషేధించు 1988 నాటి బినామీ చట్టము, తన సొమ్ముతో భార్య పేరనో భర్త పేరనో పిల్లల పేరనో ఆస్తి కొనువారికి మినహాయింపు నిచ్చుచున్నది; తాళి లేని తోడునకు ఆ మినహాయింపు లేదు. కనుక తన చిట్టీ డబ్బుతో అతని పేర రిజిస్టరైన ప్లాటును తనదని ఆమె అడుగబోయినచో, ఆ చట్టమే అడ్డు నిలువగలదు. ప్రావిడెంటు ఫండు నియమములలోను అంతే: భార్యాబిడ్డలున్నవాడు వారిని విడిచి ఈమెను నామినీగా వ్రాసినను ఆ వ్రాత చెల్లదు. ప్రతి గడపయందును చట్టము ‘నీవతనికేమవుదువు?’ అని యడుగుచున్నదే గాని, ‘నీవెంత పెట్టితివి?’ అని యడుగుట లేదు.

ఇట్టివారికి హక్కులిచ్చినచో వివాహమునకు విలువ తగ్గుననియు, మొదటి భార్య నోటి కూడు పోవుననియు కొందరందురు. ఆ రెండవ భయము నిజమైనదే. గల్ఫుసొమ్ముకై యెదురుచూచు మొదటి యిల్లాలి హక్కునకు ఎవరును చేయి చాపరాదు. కాని బీడీలు చుట్టి తెచ్చిన డబ్బు ఆమెకు తిరిగి యిచ్చుట మొదటి భార్యను దోచుట కాదు. ఈయకుండుటయే మగవానికి ఈనాము. న్యూజీలండులో 2002 నుండి మూడేండ్లు కలిసియున్న జంట విడిపోయినను ఆస్తిలో సాధారణముగా సమభాగమే. మనము అంత దూరము పోకున్నను, పెండ్లి తంతుతో నిమిత్తము లేకుండ, చిట్టీ పుస్తకము, బ్యాంకు ఖాతా, కార్ఖానా పాసుబుక్కు సాక్ష్యముగా ఎవరి సొమ్ము వారికి ఇప్పించు చట్టమైనను పార్లమెంటు చేయవలెను.

ఆ చట్టము వచ్చువరకు సోదరీమణులకు ఒక్కమాట. చిట్టీ మీ పేరనే కట్టుడు. ప్లాటు మీ పేరనో, ఉమ్మడిగానో రిజిస్టరు చేయించుడు. వివాదము వచ్చినచో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పొండు, స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ అక్కడ ఉచితముగా వకీలు నిత్తురు. తాళి యున్నను లేకున్నను, రసీదు మాత్రము మీరే యుంచుకొనుడు.