శాపం లేని దుష్యంతుడు

ప్రసిద్ధపురుషుని కథను నాటకంగా మలచబూనిన కవికి ఒక పాత చిక్కు తప్పదు. నాయకుడు ఘనుడు, ఆ ఘనుడు చేయరాని పని ఒకటి చేసి ఉన్నాడు. దానిని ఉన్నది ఉన్నట్లు చెప్పడమా, దాచడమా, మరొక విధంగా కల్పించడమా? దశరూపకకర్త ధనంజయుడు ఈ విషయంలో స్పష్టంగానే విధించినాడు. కథలో నాయకునికి గాని, రసానికి గాని తగని అంశం ఉన్నయెడల దానిని విడిచిపెట్టవలెను. లేదా మార్చి కల్పించవలెను. ఇందుకు మన విద్యార్థులందరికీ తెలిసిన నిదర్శనం శకుంతలోపాఖ్యానం. భారతంలోని దుష్యంతుడు భార్యను, బిడ్డను ఎరిగి ఉండియే నిండుకొలువులో ఎరుగనన్నాడు. ఆకాశవాణి పలికిన తరువాతగాని అంగీకరించలేదు. నన్నయ ఆ కథను తెలుగు చేసినప్పుడు ఈ దోషాన్ని రాజునుంచి తొలగించలేదు. కాళిదాసు తొలగించినాడు. దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి, రాజు చేసిన నిరాకరణను మరపుగా మార్చినాడు.

ఈ పాత చిక్కే మన కాలంలో కాలిఫోర్నియాకు చెందిన ఒక యంత్రవ్యాపారి కథను చలనచిత్రంగా తీసినవారికి ఎదురైనది. ఆపిల్ సంస్థను స్థాపించినవారిలో ఒకడైన స్టీవ్ జాబ్స్ 2011 అక్టోబరు 5న మరణించినాడు. వాల్టర్ ఐజాక్సన్ రచించిన ఆయన జీవితచరిత్ర ఆ నెలలోనే వెలువడింది. దానిని ఆధారం చేసుకొని ఆరన్ సార్కిన్ రచన చేయగా, డానీ బాయిల్ దర్శకత్వంలో 'స్టీవ్ జాబ్స్' అనే పేరుతోనే 2015లో చిత్రం విడుదలైనది. నాయకపాత్రను మైకేల్ ఫాస్‌బెండర్ ధరించినాడు. రచనకు సార్కిన్‌కు, సహాయనటిగా కేట్ విన్‌స్లెట్‌కు గోల్డెన్ గ్లోబ్ బహుమతులు లభించినవి. ప్రజాదరణ మాత్రం ఆశించినంత లభించలేదు.

ఆ చిత్రం వచ్చి పదేండ్లు గడచినవి. అయినా దానిని ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇప్పుడు చూడవలసిన అవసరం కలదు. కంప్యూటరు విద్యను నమ్ముకొని సముద్రాలు దాటి వెళ్లిన తెలుగు యువకులు వేలకు వేలు. వారికీ, వారి వెనుక చదువుకుంటున్న తమ్ములకూ చెల్లెళ్లకూ జాబ్స్ ఆరాధ్యుడు. ఆరాధించడంలో తప్పు లేదు. అయితే ఆయన ప్రతిభతోపాటు ఆయన పరుషత్వాన్ని కూడా ప్రసాదంగా స్వీకరించే అలవాటు యువజనులలో కనిపిస్తున్నది. మెతకవారు గొప్ప పనులు చేయలేరనీ, తోటివారిని నొప్పించడం మేధావి లక్షణమనీ కొందరు నిశ్చయానికి వచ్చినారు. ఆ నిశ్చయాన్ని పరీక్షకు పెట్టడానికి ఈ చిత్రం చక్కని సాధనం.

చిత్రం మూడంకాల నాటకం వంటిది. జననం, బాల్యం, మరణం అనే వరుస ఇందులో లేదు. మూడు యంత్రాలను ప్రజలకు తొలిసారి చూపిన మూడు సభలు ఇందులో మూడంకాలు: 1984లో మాకింటాష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమాక్. ప్రతి అంకమూ సభ ఆరంభం కావడానికి కొద్ది నిమిషాల ముందు, తెరవెనుక జరుగుతుంది. మొదటి అంకాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ముమీద, రెండవదానిని 35 మిల్లీమీటర్ల ఫిల్ముమీద, మూడవదానిని డిజిటల్ కెమెరాతో చిత్రించడంచేత కాలం గడచిన సంగతి కంటికే తెలుస్తుంది. సభ ఎట్లా జరిగినదో ప్రేక్షకునికి చూపరు. లోకానికి కనబడిన జాబ్స్‌ను వదలి, కనబడని జాబ్స్‌ను చూపడమే రచయిత సంకల్పం.

ఆ కనబడని మనిషి చేసిన పనులలో మొదటిది దుష్యంతుని పనియే. 1978లో జాబ్స్‌కు లీసా అనే కూతురు పుట్టింది. ఆయన ఆ బిడ్డ తనది కాదన్నాడు. మన కథలో ఆకాశవాణి పలికినట్లు, ఇక్కడ రక్తపరీక్ష పలికింది. 94 శాతానికి పైగా ఆయనయే తండ్రి కాదగునన్నది. అప్పటికీ ఆయన మనసు మారలేదు. దేశంలోని పురుషులలో 28 శాతం మంది ఆ బిడ్డకు తండ్రులు కావచ్చునని లెక్క కట్టి ఒక పత్రికాప్రతినిధితో చెప్పినాడు. 1983 జనవరిలో టైమ్ పత్రిక దానిని ప్రకటించింది. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ విడుదల చేసిన యంత్రం పేరు కూడా లీసాయే! ఆ పేరు కొన్ని సాంకేతికపదాల తొలి అక్షరాల కూర్పు అని సంస్థ చెప్పుకొన్నది. కూతురి పేరే పెట్టినానని జాబ్స్ ఎన్నో ఏండ్ల తరువాతగాని ఒప్పుకొనలేదు. చిత్రంలో అయిదేండ్ల లీసా ఈ పేరును గురించి తండ్రిని అడుగుతుంది. అది కేవలం కాకతాళీయమని ఆయన ఆ పసిదానికి చెబుతాడు. నిండుకొలువులో శకుంతల విన్న మాటకు, ఈ మాటకు ఎంతో దూరం లేదు.

ఇక్కడ కాళిదాసు మార్గం సార్కిన్‌కు తెరచియే ఉన్నది. శాపంగా వాడుకొనదగిన వృత్తాంతం జాబ్స్ జీవితంలో ఉన్నది. పుట్టగానే ఆయనను కన్నవారు దత్తతకు ఇచ్చివేసినారు. విడిచిపెట్టబడినవాడు తాను కన్నదానిని విడిచినాడని ఒక్క మాట అంటే ప్రేక్షకుని కోపం కరుణగా మారిపోతుంది. చిత్రంలో ఆపిల్ సంస్థ అధిపతి జాన్ స్కల్లీ ఆ దత్తత ప్రస్తావన తేకపోలేదు. కాని రచయిత దానిని దుర్వాసశాపంగా మార్చలేదు. దోషాన్ని నాయకునియందే ఉంచినాడు. చివరి అంకంలో యువతియైన కూతురు తనను కాదన్న కారణం అడిగినప్పుడు, తన నిర్మాణంలోనే లోపమున్నదని మాత్రమే జాబ్స్ చెప్పగలుగుతాడు. యంత్రంలో ఇసుమంత లోపాన్నయినా సహించని మనిషి నోట ఆ మాట రావడం ఈ చిత్రంలోని నిజమైన నాటకీయత.

రెండవ అపచారం మిత్రుని విషయంలో జరిగింది. ఆపిల్ సంస్థను నిలబెట్టిన యంత్రం 1977 నాటి ఆపిల్ 2. దానిని రూపొందించినవాడు స్టీవ్ వోజ్నియాక్. మాకింటాష్ వచ్చిన తరువాత కూడా సంస్థకు కొన్నేండ్లపాటు అన్నం పెట్టినది ఆ పాత యంత్రమే. దానికి శ్రమించినవారిని సభలో ఒక్క మాటతో స్మరించవలసినదని చిత్రంలో వోజ్నియాక్ వేడుకొంటాడు, జాబ్స్ నిరాకరిస్తాడు. నీవు చేసే పని ఏమిటని మిత్రుడు నిలదీసినప్పుడు, వాద్యబృందాన్ని నడిపించే నాయకునితో తనను పోల్చుకొంటాడు. ఆ పోలికలో సత్యం లేకపోలేదు. జాబ్స్ స్వయంగా యంత్రరచన చేసిన ఇంజనీరు కాడు. ఎవరి ప్రతిభ ఎక్కడ అమరునో ఎరిగిన సూత్రధారుడు. అయితే కచేరీ ముగిసినప్పుడు వాద్యకారులను లేపి నిలబెట్టి సభచేత చప్పట్లు కొట్టించడం కూడా నాయకుని ధర్మమే. ఆ ధర్మం ఆయన పాటించలేదు. ప్రతిభావంతుడు మంచివాడుగా కూడా ఉండవచ్చుననే అర్థం వచ్చే మాట చివరకు వోజ్నియాక్ నోట పలికించి, రచయిత తన పక్షమేదో తెలిపినాడు.

ఇక పరుషత్వమే విజయానికి మూలమనే వాదాన్ని మన తార్కికుల అన్వయవ్యతిరేకాలతో పరీక్షింపవచ్చును. ఏది ఉన్నప్పుడు కార్యం ఉంటుందో, ఏది లేనప్పుడు కార్యం ఉండదో అది కారణం. 1985లో ఆపిల్‌ను విడిచిన జాబ్స్ నెక్స్ట్ సంస్థను నెలకొల్పినాడు. ఆ పరుషత్వం అక్కడా ఉన్నది. కాని 6,500 డాలర్ల ఆ యంత్రాన్ని కొన్నవారు తక్కువ. 1993 నాటికి సంస్థ యంత్రాల తయారీనే మానుకొన్నది. అనగా కారణమనుకొన్నది ఉన్నా కార్యం లేదు. సౌమ్యుడైన వోజ్నియాక్ ఆపిల్ 2ను సాధించినాడు. అనగా ఆ కారణం లేకపోయినా కార్యం ఉన్నది. జాబ్స్ విజయానికి మూలం వేరే వెదకవలసి ఉన్నది. యంత్రం సామాన్యుని చేతికి లొంగవలెననే పట్టుదల, అనవసరమైనదానిని తీసివేయగల వివేకం, అక్షరాల అందం మొదలు లోపలి తీగెల అమరికవరకు చూపిన శ్రద్ధ, ఇవి ఆయన నిజమైన సంపద. నెక్స్ట్ అమ్ముడుపోకున్నా అందులోని యోగ్యత వృథా కాలేదు. 1990లో టిమ్ బెర్నర్స్-లీ ప్రపంచవ్యాప్తమైన వెబ్‌ను రూపొందించినది ఆ యంత్రంమీదనే. ఆపిల్ ఆ సంస్థను కొనడంతోనే జాబ్స్ తిరిగి స్వస్థానానికి చేరినాడు. తోటివారిని కించపరచిన పలుకులలో ఒక్కటైనా ఇందుకు ఉపకరించినట్లు కనబడదు.

ఇంతగా మెచ్చుకొన్న చిత్రాన్ని చరిత్రగా మాత్రం స్వీకరించరాదు. మన లాక్షణికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించినారు. ఈ చిత్రం మిశ్రం. సభ, సంవత్సరం, యంత్రం నిజమైనవి. తెరవెనుక సంభాషణలు చాలవరకు కల్పితాలు. 1998లో స్కల్లీ తెరవెనుకకు రాలేదు. విన్‌స్లెట్ ధరించిన జొయానా హాఫ్‌మన్ అప్పటికి ఆపిల్‌లో లేదు. జాబ్స్ 1991లో వివాహం చేసుకొన్న సంగతి గాని, ఆయన ఇతర సంతానం గాని చిత్రంలో లేవు. లీసా కొన్నేండ్లు తండ్రి ఇంటనే పెరిగిన సంగతి కూడా లేదు. ఎదురుబొదురుగా నిలిచే ఘర్షణకోసం రచయిత ఆ సామరస్యకాలాన్ని పరిహరించినాడు. ఐజాక్సన్ గ్రంథం చదవని విద్యార్థి ఈ లోటును గుర్తింపలేడు. ఆ గుర్తింపు కలిగించడం ఉపాధ్యాయుని బాధ్యత.

చిత్రం ముగింపు కూడా విచారణకు నిలువవలసి ఉన్నది. లీసా అయిదేండ్ల వయసులో మాకింటాష్‌మీద గీసిన బొమ్మ కాగితాన్ని జాబ్స్ పదునాలుగేండ్లు దాచి ఉంచి, చివర ఆమెకు చూపుతాడు. ఆ మడత కాగితం కాళిదాసు ఉంగరం వంటిదే. అది ఒక అభిజ్ఞానం. శాపాన్ని తోసిపుచ్చిన రచయిత తుదకు ఉంగరానికి లోబడినాడు. ప్రేక్షకుని కన్ను చెమర్చడం నిజమేగాని, అంతవరకు సాగిన నిష్పక్షపాతవిచారణ ఆ తడిలో కొంత కరగిపోయినది. నాటకంలో ఉంగరం దొరకగానే రాజుకు మరపు తొలగింది. జీవితంలో బొమ్మకాగితం దొరికినంతమాత్రాన ఆ బాల్యం తిరిగి రాదు.

శకుంతల కుమారుడు భరతుడు కొలువులో జరిగినదానిని గురించి ఏమనుకొన్నాడో మన కావ్యాలు చెప్పవు. లీసా మాత్రం చెప్పింది. 2018లో ఆమె 'స్మాల్ ఫ్రై' అనే పేరుతో తన బాల్యాన్ని గ్రంథంగా ప్రకటించింది. తండ్రి గాయపరచిన ఘడియలను దాచలేదు. ఆయన ప్రేమ చూపిన ఘడియలను మరువలేదు. పై తరగతుల ఉపాధ్యాయులు ఒక వారంపాటు నన్నయ శకుంతలోపాఖ్యానాన్ని, కాళిదాసు నాటకాన్ని, ఈ చిత్రాన్ని, లీసా గ్రంథాన్ని పక్కపక్కన ఉంచి బోధిస్తే విద్యార్థులకు సాహిత్యం, లోకం రెండూ బోధపడగలవు. జాబ్స్ చేసిన యంత్రాన్ని చేతబట్టి, ఆయన వలె శ్రద్ధగా పనిచేయదలచిన యువకునికి ఆ బిడ్డ మాట కూడా వినిపించి పంపడం గురువుల విధి.