రక్తపిశాచి యే భాష మాటలాడును?

ఈ కాలపు విద్యార్థులు రక్తపిశాచముల కథలను చదువుటయందును, చేతిఫోనులలో చూచుటయందును మిక్కిలి మక్కువ గలవారై యున్నారు. ఇట్టి కథలు పిల్లలను చెడగొట్టునని, పాఠశాలవారు వానిని మాన్పింపవలెనని కొందరు తల్లిదండ్రులు కోరుచున్నారు. మాన్పించుట మా అభిమతము కాదు. భయపడుట బాలురకు వేడుక. మన అవ్వలును చింతచెట్టుమీది దయ్యమును చెప్పియే మనలను నిద్రపుచ్చిరి. అయితే కథ వినునపుడు ఒక ప్రశ్న వేసికొనుట మంచిదని మా తలంపు. ఆ పిశాచము ఏ ఊరినుండి వచ్చినది? తన ఇంట ఏ భాష మాటలాడును?

ఈ కథలలో మిక్కిలి పేరుపొందినది డ్రాకులా నవల. దీనిని ఐర్లండు దేశస్థుడగు బ్రామ్ స్టోకరు 1897లో ప్రకటించెను. ట్రాన్సిల్వేనియా కొండలలో నివసించు ఒక ప్రభువు లండనులో ఇల్లు కొని, తన జన్మభూమి మట్టిని పెట్టెలలో నింపుకొని ఓడమీద ఇంగ్లండు చేరును. వాడు రాత్రులయందు రక్తము త్రాగువాడు. ఇందు మన విద్యార్థులు గమనింపదగిన ఘట్టమొకటి కలదు. ఆ ప్రభువు ఇంగ్లీషును పుస్తకములవలన నేర్చెను గాని, తన ఉచ్చారణను విన్నంతనే జనులు పరాయివాడని గుర్తింతురేమో యని జంకుచుండును. అందుచేత తనయింటికి వచ్చిన ఇంగ్లీషు న్యాయవాదిని నెలదినములు నిలిపి, తన మాటలలోని తప్పులు దిద్దుమని కోరును. బెంగుళూరునకు పై చదువులకు పోయి, నోరు విప్పుటకు ముందు వాక్యమును మనస్సులో రెండుమారులు దిద్దుకొన్న మనవారికి ఈ ఘట్టము క్రొత్తగా తోచదు. వాడు పిశాచమగుట అటుండనిండు; ఆ జంకు మాత్రము మనకు తెలిసినదే.

ఆ నవల వెలువడిన కాలమున, రష్యా సామ్రాజ్యములో హింసలకు గురియైన యూదులు వేలకొలది లండను తూర్పు పేటలకు వచ్చి స్థిరపడుచుండిరి. వారిని చూచి స్థానికులు బెదరిరి. 1905లో పరదేశీయుల రాకను అరికట్టు చట్టము కూడ పుట్టినది. కావున డ్రాకులా యందు ఆనాటి భయమే రూపుదాల్చినదని కొందరు విమర్శకులు చెప్పుదురు. రచయిత ఉద్దేశించెనో లేదో మనము తేల్చజాలము. కాని యూదులు క్రైస్తవ బాలుర రక్తము తీయుదురను నింద అంతకు ఎంతో పూర్వమే, 1144లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున ఒక బాలుడు మరణించినపుడు పుట్టి, శతాబ్దములపాటు యూరపు ఖండమంతట ప్రాకి, ఎందరి ప్రాణములనో తీసినది. చిత్రమేమన, రక్తమును భుజించుట యూదుల ధర్మశాస్త్రమున నిషిద్ధము! మాంసమును ఉప్పువేసి రక్తము పోవువరకు శుద్ధిచేయు జనులపై ఆ నింద మోపబడినది.

ఇది పాశ్చాత్యుల దోషమని మనము తప్పించుకొనరాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో మాంత్రికుడు ఎవ్వడు? నేపాళ మాంత్రికుడు. బాలనాగమ్మను ఎత్తుకొనిపోయినవాడు ఎవ్వడు? మాయల మరాఠీ. 1942 నాటి చిత్రమున గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ వేషమున చూపిన ప్రతిభను పెద్దలు నేటికిని కొనియాడుదురు. ఆ కథలు మనకు ప్రియమైనవి. వానిని విడువుమనుట లేదు. కాని క్షుద్రవిద్య నేర్చినవాడు తెనుగు పల్లెలో పుట్టరాదా? మన కథకునకు దుష్టుడు కావలసినపుడెల్ల చూపు పొలిమేర దాటిపోయినది. మన జిల్లాలో మరాఠీ ఇంటిభాషగా గల కుటుంబములు కలవు. ఆ ఇంటి బాలుడు మన ప్రక్క బల్లమీద కూర్చుండి ఆ కథ వినునపుడు ఎచ్చట నవ్వవలెనో, ఎచ్చట తల వంచుకొనవలెనో ఎరుగడు.

కథలకు ఇంత విచారమేల యని అనువారికి ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చుచున్నాము. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు ఉత్తరదేశమునుండి దిగినవని సెల్‌ఫోనులలో వదంతి వ్యాపించినది. మనకు దూరము గాని బెంగుళూరు చామరాజపేటలో, బ్రతుకుతెరువు వెదకుకొనుచు రాజస్థానమునుండి వచ్చిన ఒక యువకుని జనులు ఆ అనుమానముతో కట్టి, కొట్టి చంపిరి. ఆ దినములలో తెలుగు, తమిళ సీమలందును ఇట్టి దారుణములు జరిగినవి. దెబ్బలు తిన్నవారిలో పలువురు ఆ ఊరి భాష రానివారు. తాము ఎవరో చెప్పుకొనలేనివారు.

ఇటీవలి రచయితలు కొందరు కథను త్రిప్పివేసిరి. రిచర్డ్ మాథెసన్ అను అమెరికా రచయిత 1954లో వ్రాసిన నవలలో లోకమంతయు రక్తపిశాచములతో నిండగా ఒక్క మనుష్యుడు మిగులును. తుదకు, తానే వారికి భయంకరుడగు పిశాచమైతినని అతడు గ్రహించును. ఎవరు మనుష్యులో ఎవరు భూతములో నిర్ణయించునది సంఖ్యయే యని దీని భావము. అల్పసంఖ్యాకులమగు మనకు ఇది చక్కగా బోధపడును. తరువాతి కథలలో రక్తపిశాచమును పీడితజాతికి ప్రతీకగా చూపి, జాలి పుట్టించుట పరిపాటియైనది. ఉద్దేశము మంచిదే. కాని ఆ పోలికయందు ఒక చిక్కు కలదు. పిశాచము నిజముగా రక్తము త్రాగును గదా! దానికి జడియుట న్యాయమే గదా! యూదుడు ఎవరి రక్తము త్రాగెను? ఆ రాజస్థానపు యువకుడు ఎవరి బిడ్డను ఎత్తెను? జాలితో చెప్పినను, నిందను సగము ఒప్పుకొన్న కథ మాకు రుచింపదు.

రక్తము త్రాగిన కథ కావలెనన్న, మన బంగారు గనులలోనే కలదు. 1880 మొదలు జాన్ టైలర్ కంపెనీ నడపిన ఆ గనులలోనికి దిగినవారు తమిళ, తెలుగు జిల్లాలనుండి వచ్చిన పేదలు; అందు పెక్కుమంది అస్పృశ్యులని ఊరి వెలుపల ఉంచబడినవారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటరులకు మించిన లోతుగలది. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి ఎందరినో క్షీణింపజేసినది. అయినను అనుమానింపబడినది వారే. 1930లో కంపెనీలు కార్మికులందరి వ్రేలిముద్రలు తీసికొని నమోదు చేయబూనగా, మేము దొంగలమా యని వారు సమ్మె కట్టిరి. బంగారము త్రవ్వినవాడు అనుమానితుడు, దానిని ఓడల కెక్కించినవాడు దొర! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 2018, 2022 సంవత్సరములలో వచ్చిన కె.జి.ఎఫ్. చలనచిత్రములవలన ఆ ఊరి పేరు దేశమంతట మ్రోగినది గాని, వానిలోని నరాచి కల్పితము. వ్రేలిముద్రల సమ్మె అందు లేదు.

ఇక పెద్దలకు ఒక మనవి. 1990 ప్రాంతమున కన్నడ సీమలో ఇంటి తలుపులమీద "నాళె బా" అనియు, తెలుగు సీమలో "ఓ స్త్రీ రేపు రా" అనియు వ్రాసి దయ్యమును పంపివేసిరి. రెండు భాషలు చదువగల ఆ దయ్యము మన పిల్లలకంటె మెరుగే! రాబోవు సంచికకై మీమీ ఇండ్లలో అవ్వలు చెప్పు దయ్యపు కథలను పిల్లలచేత వ్రాయించి పంపుడు. కథ కన్నడమున గాని తమిళమున గాని ఉర్దూలో గాని విన్నదైనచో ఆ సంగతియు వ్రాయుడు. దయ్యము ఏ కులమునకు, ఏ ఊరికి, ఏ భాషకు చెందినదని అవ్వ చెప్పినదో, దానిని మాత్రము దిద్దక ఉన్నదున్నట్లు పంపవలెను.