దారంతో పువ్వు, పక్కనే ఆకు

మధ్యాహ్నం పనులయ్యాక ఓ గంట తీరిక దొరికిందా? జాకెట్టు చేతులకూ, దిండు గలీబులకూ కుట్టుకునే పువ్వు, ఆకు అల్లుదాం రండి.

కావలసినవి: 20 నెంబరు దారం తెలుపు, ఆకుపచ్చ, 1.25 మి.మీ. క్రోషియా సూది, కత్తెర.

పువ్వు: 6 చెయిన్లు వేసి స్లిప్ స్టిచ్‌తో రింగులా కలపండి. 2 చెయిన్లు వేసి, సూదికి ఒకసారి దారం చుట్టి అల్లే పొడవు కుట్లు 3 రింగులో వేయండి. మళ్ళీ 2 చెయిన్లు వేసి రింగులో స్లిప్ స్టిచ్ వేస్తే ఒక రేకు. ఇలా 5 రేకులు అల్లండి.

ఆకు: 10 చెయిన్లు వేయండి. సూది నుంచి రెండో చెయిన్‌తో మొదలుపెట్టి, దారం చుట్టకుండా 2 పొట్టి కుట్లు, తర్వాత 5 పొడవు కుట్లు, మళ్ళీ 2 పొట్టివి వేయండి. కొసన 2 చెయిన్లు వేసి, రెండోవైపూ అలాగే అల్లుకుంటూ వచ్చి స్లిప్ స్టిచ్‌తో ముగించండి. ఆకును పువ్వు వెనుక కుట్టేయండి.

దారం కొస 10 సెం.మీ. వదిలి కత్తిరించి, సూదితో వెనుక కుట్లలోకి దూర్చండి. కురచగా కోస్తే ఉతుకులో పువ్వు ఊడిపోతుంది సుమా!

మన నర్సాపురం లేసుకి 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. అక్కడ పువ్వులు అల్లేది ఒకరైతే, అతుకుపని చేసేది ఇంకొకరు. ఆ పనిని ఇల్లాళ్ళ తీరిక కాలక్షేపంగా జమకట్టి, కూలి ఎంత తక్కువ ఇచ్చేవారో మరియా మీస్ 1982 నాటి తన పుస్తకంలో రాశారు. మీరూ ఓ పువ్వు అల్లి గడియారం చూడండి. ఈసారి లేసు బేరమాడేటప్పుడు ఆ నిమిషాలు గుర్తొస్తాయి, కదూ!